కళ్లకు కాస్తంత చాలు

పదహారేళ్ల అమ్మాయి కళ్లకు మేకప్ వేయడంలో ఉన్న చిక్కల్లా ఒకటే, అక్కడ సరిచేయాల్సింది ఏమీ ఉండదు. రెప్ప మీద చర్మం నున్నగా ఉంటుంది. రెప్ప వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి. కంటి తెలుపు తేటగా ఉంటుంది. నలభై దాటిన ఆడవాళ్లు ఐషాడోతో, లైనర్‌తో, అతికించుకునే రెప్పలతో తిరిగి తెచ్చుకోవాలని చూసేది వీటినే. అదే మేకప్ తెచ్చి పదహారేళ్ల కళ్లకు వేస్తే ఏమవుతుందో తెలియాలంటే మీ చుట్టాల్లో ఎవరిదైనా ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ తిరగేసి చూడు. కుర్చీలో కూర్చున్న అమ్మాయికీ, పక్కన అక్షింతల పళ్లెం పట్టుకున్న పిన్నికీ వయసులో పెద్ద తేడా కనపడదు.

ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఒక్క పద్ధతి మీద నడుస్తుంది. రంగు రెప్ప వెంట్రుకల మొదట్లో చిక్కగా ఉండాలి, పైకి పోయేకొద్దీ పలచబడాలి, కంటి మడత దాటేలోగా కనపడకుండా పోవాలి. కాలేజీకి వెళ్లే రోజూ ఇంతే, అక్క పెళ్లి రోజూ ఇంతే. పండగకీ ఫంక్షన్‌కీ దీని మీద ఇంకొక్కటి చేర్చుకో. రెండోది కూడా చేర్చాలనిపిస్తే మొదటిది తీసెయ్. ఫంక్షన్ ఎంత పెద్దదైతే రంగులు అన్ని ఎక్కువ కావాలని పార్లర్ వాళ్లు చెబుతారు. వాళ్ల బిల్లు అలా పెరుగుతుంది కాబట్టి చెబుతారు. పెద్ద ఫంక్షన్‌కి నిజంగా కావాల్సింది పొద్దున పెట్టింది సాయంత్రం దాకా నిలవడం.

కొనేముందు

ఎగ్జిబిషన్‌లో నలభై ఎనిమిది రంగుల ప్యాలెట్ కనపడగానే చెయ్యి దానిమీదకే పోతుంది. అందులో నువ్వు వాడేవి మూడు. మిగతావన్నీ సొరుగులో పడి పొడి పొడిగా రాలిపోతాయి. ఆ మూడింటినే విడిగా కొనుక్కుంటే మంచిది. ఒకటి అచ్చం నీ చర్మం రంగు. రెండోది దానికంటే ఒక మెట్టు ముదురు. మూడోది కొద్దిగా మెరుపున్న రాగి రంగో, పీచ్ రంగో. మొదటి రెండింట్లో మెరుపు అసలు ఉండకూడదు, షాపులో ‘మ్యాట్’ అని అడిగితే చూపిస్తారు. ఇవి కాక ముదురు గోధుమ రంగు పెన్సిల్ ఒకటి, మస్కారా ఒకటి, మెత్తగా గుబురుగా ఉన్న చిన్న బ్రష్ ఒకటి, కనుబొమలు దువ్వుకునే బ్రష్ ఒకటి. రెప్ప వెంట్రుకలు వంచే కర్లర్ ఉంటే సరే, లేకపోయినా లోటేమీ లేదు.

రంగు షాపు లైట్ల కింద ఎంచుకోకు. మణికట్టు లోపలి వైపు కొద్దిగా రాసుకుని, గుమ్మం బయటకి వచ్చి ఎండ వెలుతురులో చూడు. చామనఛాయ, నలుపు ఛాయ మీద తెల్లటి షేడ్లు, వెండి షేడ్లు, పాలగులాబీ షేడ్లు బూడిదగా తేలిపోతాయి. ఆ షేడు మీద ఎంత పేరున్న కంపెనీ అచ్చు ఉన్నా అంతే. అది నీ ఛాయ తప్పు కాదు, ఆ రంగు వేరే చర్మాల కోసం కలిపింది. రాగి, కంచు, ఇటుక రంగు, పండిన నేరేడు రంగు మన చర్మంలో కలిసిపోతాయి.

పెన్సిల్ నల్లది ఎందుకు వద్దన్నానో చెప్పాలి. నల్ల గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఎదుటివాళ్లకి స్పష్టంగా తెలిసిపోతుంది. చెయ్యి కాస్త వణికినా దాచలేం. ముదురు గోధుమ రంగు మన నల్లటి రెప్ప వెంట్రుకల నీడలో కలిసిపోతుంది. వెంట్రుకలే ఒత్తుగా ఉన్నాయనిపిస్తుంది తప్ప గీత పెట్టినట్టు అనిపించదు. చెయ్యి తిరిగాక నలుపు ఎలాగూ వస్తుంది, తొందరేం లేదు.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం మన దేశంలో తయారైన వాటి మీద ఇవి ఉండి తీరాలి. ఇవేవీ లేకుండా జాతరలో, రైల్లో, రోడ్డు పక్కన అమ్మేవి గాజులైతే కొనుక్కో, కంట్లోకి వెళ్లేవి మాత్రం కొనకు. ఇంకో గుర్తు కూడా ఉంటుంది. మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, దానిలో 6ఎం, 12ఎం లాంటి అక్షరాలు. మూత తీసిన రోజు నుంచి అన్ని నెలలే వాడాలని దానర్థం. మస్కారాకి మాత్రం బొమ్మ మీద ఏముందన్నది పక్కన పెట్టి 3 నెలలకే సెలవు చెప్పు. తడి గొట్టంలోకి బ్రష్ రోజూ వెళ్లి వస్తుంటుంది, కంటి దగ్గరి సూక్ష్మజీవులు దాంతోపాటే లోపలికి పోతాయి. గొట్టంలో బ్రష్‌ను పైకీ కిందకీ పంపు కొట్టినట్టు ఆడించడం ఇంకా చెడ్డ అలవాటు. గాలి దూరి త్వరగా ఎండిపోతుంది. మూత తీసిన తేదీని మార్కర్‌తో గొట్టం మీదే రాసేసుకో.

పార్టీ దుకాణంలో దొరికే చెమ్కీ, స్కూలు ప్రాజెక్టుకి తెచ్చిన చెమ్కీ రెప్ప మీద చల్లుకోవడం ఈమధ్య రీల్స్‌లో కనపడుతోంది. ఆ చెమ్కీ ముక్కలకు అంచులుంటాయి. ఒక్కటి కంట్లో పడినా నల్లగుడ్డు మీది పొరను గీరేస్తుంది. కుంకుమను ఎరుపు షాడోగా వాడటం కూడా వద్దు. నుదుటి కోసం చేసింది కంటికి పనికిరాదు.

కాటుక సంగతి

మన ఇళ్లలో కంటి అలంకారమంటే మొదట వచ్చేది కాటుకే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని నెయ్యితోనో ఆముదంతోనో రంగరించి, భరిణెలో దాచిన కాటుక కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దానిమీద నాకు మమకారం ఉంది. అయినా రోజూ కంట్లో పెట్టుకోమని నీకు చెప్పను. చెడిపోకుండా నిలబెట్టేది అందులో ఏదీ ఉండదు. పైగా భరిణె ఒకటి, దాంట్లో ముంచే వేళ్లు ఇంటిల్లిపాదివీ. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ కళ్లకలక ఎలా పాకిందో గుర్తుంది కదా. ఒకరి చెయ్యి తగిలిన వస్తువు ఇంకొకరి కంటికి తగలడమే దానికి దారి. కాటుక భరిణె, కాజల్ పుల్ల, మస్కారా బ్రష్ ఈ మూడూ టూత్‌బ్రష్ లెక్కలోవే. చెల్లెలికైనా, ప్రాణస్నేహితురాలికైనా ఇవ్వకూడదు.

సుర్మా ఇంకో రకం. పాతకాలం నుంచి దాన్ని గలీనా అనే రాయి పొడితో చేస్తూ వచ్చారు. గలీనా అంటే సీసం గంధకంతో కలిసిన ఖనిజం. ఇప్పుడు అమ్మే ప్రతి సుర్మాలోనూ సీసం ఉందని అనను. కానీ పొట్లంలో కట్టి ఇచ్చేదాంట్లో ఏముందో కంటితో చూసి చెప్పలేం. సీసం ఒంట్లో చేరితే చిన్నపిల్లలకు మరీ చేటు. అందుకే లేబుల్ లేని సుర్మా ఎవరు కానుకగా ఇచ్చినా కళ్లకద్దుకుని పెట్టెలో పెట్టెయ్.

కాజల్ పెన్సిల్ దగ్గరికి వద్దాం. కింది రెప్ప లోపలి తడి అంచు మీద, అంటే వాటర్‌లైన్ మీద గీయడం మన అలవాటు. ఆ అంచు వెంబడే మెబోమియన్ గ్రంథుల నోళ్లు వరసగా ఉంటాయి. కన్నీళ్లు ఆరిపోకుండా పైన నూనె పొర వేసేవి అవే. వాటిమీద రోజూ మైనం, రంగు పూస్తుంటే నోళ్లు మూసుకుపోతాయి. కళ్లు పొడిబారడం, కంటికురుపులు రావడం మొదలవుతాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో రెప్ప వెంట్రుకల బయట గీసిన లైనర్ కంటే లోపల గీసింది కన్నీటి పొరలోకి 15 నుంచి 30 శాతం ఎక్కువగా చేరింది, అదీ అయిదు నిమిషాల్లోపే. కాబట్టి నా తీర్పు ఇది. లోపలి కాజల్ పండగ పూటకి, కొద్ది గంటలకి పెట్టుకో. కాలేజీ రోజుల్లో బయటి గీతతో సరిపెట్టుకో. కాంటాక్ట్ లెన్స్ ఉన్నవాళ్లు ఏ రోజూ లోపల గీయకండి.

రోజూ చేసుకునే పని

ముఖం కడుక్కుని, కళ్ల చుట్టూ తడి ఆరనివ్వు. కంటి కింద క్రీమ్ రాసే అలవాటుంటే అది ఇంకేదాకా ఆగు. కాజల్, లైనర్ పెన్సిళ్లన్నీ మైనం, నూనె, రంగు కలిపి చేసినవే. చర్మం మీద క్రీమైనా జిడ్డైనా ఉంటే అందులో కరిగి కిందకి జారతాయి. నా కాజల్ మంచిది కాదు, పాకిపోతోంది అని కంపెనీ మీద కంపెనీ మార్చే పిల్లల్లో చాలామందికి అసలు గొడవ ఇక్కడే ఉంది. టిష్యూతో రెప్పల మీద ఒకసారి అద్ది, నీ చర్మం రంగు మ్యాట్ షాడోని బ్రష్‌తో రెప్పంతా తేలిగ్గా అద్దు. సగం రోజు పాకకుండా నిలవడానికి ఇది చాలు. టిష్యూ లేకపోతే ఉతికిన చేతిరుమాలు వాడుకోవచ్చు.

కిటికీకి ఎదురుగా కూర్చో. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం మీద నీడ పడి, చీకట్లో ఎక్కువ పూసేస్తావు. అద్దాన్ని గడ్డం కంటే కిందకి పెట్టి, తల ఎత్తకుండా చూపు మాత్రం దించు. రెప్ప దానంతటదే చాపుకుంటుంది. కంటి కొసని వేలితో పక్కకి లాగి గీత గీసేవాళ్లుంటారు. వదిలేశాక ఆ గీత వంకర్లు పోతుంది. మోచెయ్యి బల్లకి ఆనించుకో. పెన్సిల్ ములుకుని ముందు చేతి వెనక రెండు గీతలు గీసి కాస్త వెచ్చబరుచుకో.

బయటి కొస నుంచి మొదలుపెట్టు. ఒకే గీతగా లాగాలని చూడకు. రెప్ప వెంట్రుకల మధ్య ఖాళీల్లో చిన్న చిన్న గీతలు, దాదాపు చుక్కలు, పెడుతూ కంటి నడిమి దాకా రా. ముక్కు వైపున్న సగాన్ని ఖాళీగా వదిలెయ్. నా లెక్కన ఈ అధ్యాయం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. ముక్కు వైపు దాకా నల్లగా నింపితే కన్ను చిన్నదవుతుంది, ముఖం గంభీరంగా మారుతుంది. బయటి సగం మాత్రమే చిక్కగా ఉంటే కన్ను విచ్చుకున్నట్టు ఉంటుంది. తర్వాత చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ఆ గీతను వెంట్రుకల మొదళ్ల మీదుగా అటూ ఇటూ ఒకసారి రుద్దు. అంచు మసకబడిపోతుంది. ముదురు మ్యాట్ షాడోని బ్రష్ కొసతో కొద్దిగా తీసుకుని దానిమీదే అద్దు. పొడి పెన్సిల్‌లోని నూనెను పీల్చుకుని కదలనివ్వదు. తొమ్మిదింటి క్లాసు నుంచి సాయంత్రం ట్యూషన్ దాకా అంతే ఉంటుంది.

మస్కారా పెట్టే ముందు బ్రష్‌ని టిష్యూకి తుడిచి, సగం రంగు దానికే వదిలెయ్. పై వెంట్రుకల మొదట్లో బ్రష్ పెట్టి కొద్దిగా అటూ ఇటూ కదిపి పైకి లాగు. ఒక్కసారి చాలు. కింది వెంట్రుకలకు వద్దు, మధ్యాహ్నానికి కళ్ల కింద మరకలుగా దిగేది అదే. కర్లర్ వాడితే మస్కారాకి ముందే వాడాలి. తర్వాత వాడితే వెంట్రుకలు దానికి అంటుకుని తెగిపోతాయి.

కనుబొమలు దువ్వి వదిలెయ్. ఖాళీలుంటే గోధుమ రంగు మ్యాట్ షాడోనే వాటిల్లో అద్దవచ్చు. నల్ల పెన్సిల్‌తో విల్లులా గీయించుకోవడం, త్రెడింగ్‌తో దారప్పోగంత సన్నం చేయించుకోవడం మాత్రం ఈ వయసులో మానుకో. మరీ పీకించిన కనుబొమలు మళ్లీ పూర్తిగా రాకపోయే అవకాశం ఉంది.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఇందులో సగమే చాలు. దువ్విన కనుబొమ, ఒక్కసారి మస్కారా. పెన్సిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఓణీల ఫంక్షన్

తల మీద పాపిడి బిళ్ల, చెవులకు బుట్టలు, వీపు నిండా పూలజడ, ఒంటి మీద జరీ అంచు పట్టు లంగా ఓణీ, మెడలో హారాలు. ఇంత మెరుపు ముఖం చుట్టూ ఉండగా రెప్ప మీద బంగారు రంగు గ్లిటర్ దేనికి? అక్కడ అది కనపడదు, కంటిని మాత్రం కప్పేస్తుంది. పట్టు కట్టిన రోజు రెప్ప చాలావరకు మ్యాట్‌గా ఉంటేనే కన్ను తేలుతుంది. నేను వాదించేది ఈ ఒక్క విషయంలోనే. మిగతావాటిలో నీ ఇష్టానికి చోటుంది.

ఆ రోజు వెలుతురు కూడా వేరు. వీడియో తీసేవాళ్లు ఎదురుగా పెట్టే తెల్లటి లైటు రెప్ప మీది లేత రంగులన్నిటినీ మింగేస్తుంది. మిగిలేవి కనుబొమలు, రెప్ప వెంట్రుకలు, వాటి మొదట్లో ఉన్న ముదురు గీత. పార్లర్లో రెప్ప మీద మూడు రంగులు కలిపి కష్టపడి వేసిన షేడింగ్ ఆల్బమ్‌లో ఎందుకు కనపడదంటే ఇందుకే. ఆ కష్టం గీత మీదా, వెంట్రుకల మీదా పెడితే ఫలితం ఉంటుంది.

రోజువారీ పని అంతా మామూలుగానే చెయ్యి. తర్వాత చేర్చే ఒక్కటి ఏదో నీ లంగా రంగును బట్టి ఎంచుకో. చిలకాకుపచ్చ, నెమలి నీలం పట్టుకి రాగి షాడోని రెప్ప నడిమి భాగంలో వేలికొసతో అద్దితే చాలు, బ్రష్ కంటే వేలి వెచ్చదనానికే మెరుపు బాగా అంటుతుంది. నడిమి చుక్క వరకే ఆగిపోతే ఆ మెరుపు ఆభరణాలతో పోటీ పడదు. ఎరుపు, మెజెంటా పట్టుకి ఆ రాగి కూడా మానేసి, మడతలో ముదురు మ్యాట్ రంగును రెండు వరసలు వేసుకో. పసుపు, గంధం రంగు లంగాకి నేరేడు రంగు పెన్సిల్ బాగుంటుంది, గోధుమ రంగు పెన్సిల్ స్థానంలో అదే గీయాలి. లంగా ఆకుపచ్చ కాబట్టి రెప్ప కూడా ఆకుపచ్చ అనే జత కుదర్చడం మాత్రం వద్దు. గాజుల్ని జత చేసుకో, జాకెట్టుని జత చేసుకో, రెప్పల్ని వదిలెయ్.

కొస దగ్గర గీతను కొద్దిగా పైకి తిప్పే రెక్క చాలామందికి ఇష్టం. తిప్పుకోవచ్చు, కానీ రాగి పెట్టిన రోజు రెక్క వద్దు, రెక్క పెట్టిన రోజు రాగి వద్దు. రెక్క పొడవు కనుబొమ కొస వైపు చూస్తూ రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోవాలి. రెండు కళ్లకూ సమానంగా రావాలంటే కళ్లు తెరిచి నేరుగా అద్దంలోకి చూస్తూ ముందు రెండు వైపులా చుక్క పెట్టుకుని, తర్వాత కలుపు. ఒకదాన్ని పూర్తిచేసి రెండోదానికి వెళితే సరిచేసీ సరిచేసీ రెండూ లావైపోతాయి.

బొట్టును ముందే పెట్టుకుని ఆ తర్వాత కంటి పని మొదలుపెట్టమని చెబుతాను. తిలకం దిద్దిన ముఖంలో చూపు సగం నుదుటి మీదకే పోతుంది. కళ్లకు ఇంకా ఏదో తక్కువైందన్న అనుమానం అక్కడే తీరిపోతుంది. బొట్టు లేకుండా కళ్లు దిద్దుకుని, చివర బొట్టు పెట్టుకున్నవాళ్లు తప్పకుండా ఎక్కువ పూసుకుంటారు.

ముందు రోజు నలుగు పెట్టి ఉంటే చర్మానికి పసుపు ఛాయ మర్నాటికీ ఉంటుంది. దానిమీద మామూలుగా వాడే కన్సీలర్ వేస్తే కళ్ల కింద వేరే రంగు అతుకు వేసినట్టు తెలిసిపోతుంది. ఆ ఛాయ మీదే ఒకసారి వేసి చూసుకుని, కుదరకపోతే కన్సీలర్ మానెయ్. పసుపు ఛాయే ఆ రోజుకి అందం.

మిగతా సందర్భాలు

బతుకమ్మ సాయంత్రాలకి కదలిక ఎక్కువ. ఆరుబయట చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నుదుటి నుంచి చెమట, తలనూనె కలిసి కళ్ల మీదకి దిగుతాయి. ఆ తొమ్మిది రోజులూ లోపలి కాజల్ మానేసి, బయటి గీతకి పొడి అద్దుకుని వెళ్లు. వీధి దీపాల వెలుగులో రాగి చుక్క బాగా పలుకుతుంది కాబట్టి అది ఉండనివ్వు. న్యూజెర్సీలో జనవరి సంక్రాంతి సంబరాలకి తయారయ్యే పిల్లలకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది. హీటర్ గాలికి రెప్పలు పొడిబారి, షాడో పొరలు పొరలుగా లేస్తుంది. వాళ్లు అరగంట ముందు క్రీమ్ రాసి ఇంకనివ్వాలి.

ఇంటర్ ఫేర్‌వెల్‌కి మొదటిసారి చీర కట్టే రోజున మధ్యాహ్నపు ఎండలో ఫొటోలు తీసుకుంటారు. ఎండ ఏ తప్పునూ దాచదు. నేరేడు పెన్సిల్, మస్కారా, అంతకుమించి ఏమీ వద్దు.

అక్క పెళ్లికి వాటర్‌ప్రూఫ్ మస్కారా ఒక్కటి కొనుక్కో. తెల్లవారుజామున ముహూర్తం, నిద్ర లేని కళ్లు, చివర్లో అప్పగింతలు. ఏడవనని నువ్వు ఎంత గట్టిగా అనుకున్నా సరే కొనుక్కో. మామూలు రోజుల్లో మాత్రం దాన్ని వాడకు. తీయడానికి గట్టిగా రుద్దాలి, రుద్దినప్పుడల్లా నాలుగు వెంట్రుకలు పోతాయి.

కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఒక మాట. వేదిక మీద కంటికి గీసే లావు గీతలు ఆఖరి వరసలో కూర్చున్న ప్రేక్షకుడికి చూపు చేరాలని. అది ఆ కళకి సంబంధించిన విద్య, దాన్ని గురువు చెప్పినట్టే చెయ్యాలి. ప్రదర్శన అయ్యాక అదే కళ్లతో భోజనాలకి రాకు.

కళ్లద్దాలు, లెన్సులు, నల్లటి వలయాలు

దూరపు చూపు కోసం మైనస్ అద్దాలు పెట్టుకునేవాళ్ల కళ్లు అద్దం వెనక చిన్నగా కనపడతాయి. అలాంటప్పుడు పై గీత ఒక పిసరు చిక్కగా ఉన్నా బాగుంటుంది. వెంట్రుకలు అద్దానికి తగిలేంత పొడవుగా ఉంటే మస్కారా కొసలకి కాకుండా మొదళ్లకే పెట్టు. ఫ్రేమ్ కనుబొమలను కప్పేస్తుంది కాబట్టి వాటిమీద పని ఎలాగూ దండగ. ఫొటో కోసం అద్దాలు తీసి, మెట్లు తడుముకుంటూ స్టేజీ ఎక్కే పిల్లల్ని చూస్తుంటే జాలేస్తుంది. పెట్టుకునే ఎక్కండమ్మా.

లెన్సులు పెట్టుకునేవాళ్లు చేతులు కడుక్కుని ముందు లెన్సు పెట్టుకోవాలి, తర్వాతే మేకప్. రాత్రి ముందు లెన్సు తీయాలి, తర్వాతే మేకప్ తుడవాలి. కళ్ల రంగు మార్చే లెన్సులు స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోవడం, డాక్టర్ చూడకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం ఈ అధ్యాయంలో ఉన్న అన్ని తప్పుల్లోకీ పెద్దది. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ప్రమాదం.

పై రెప్ప కన్ను తెరవగానే లోపలికి ముడుచుకుపోయేవాళ్లు కళ్లు మూసి గీసిన గీత తెరవగానే కనపడక విసుక్కుంటారు. తెరిచే గీసుకుంటే ఎంత కనపడుతుందో అక్కడే తెలుస్తుంది. కళ్లు పెద్దగా, కొంచెం ముందుకు వచ్చినట్టు ఉన్నవాళ్లు రెప్ప నడిమి మెరుపు మానుకోవాలి. అంతకుమించి కంటి ఆకారాల పట్టికలు బట్టీ పట్టాల్సిన పని లేదు.

కళ్ల కింద నల్లటి వలయాలు మన వాళ్లలో చాలామందికి పుట్టుకతో వచ్చే ఛాయే. నిద్ర తక్కువైతే, అలర్జీతో కళ్లు నులుముకుంటుంటే ఇంకా ముదురుతాయి. తెల్లటి కన్సీలర్ వేస్తే ఆ నలుపు బూడిద రంగుగా మారుతుందే తప్ప పోదు. పీచ్ రంగు కరెక్టర్ బియ్యపు గింజంత తీసుకుని నలుపున్న చోట మాత్రమే అద్దు. పైన తెల్లటి పౌడర్ వేయకు. ఫ్లాష్ పడితే కళ్ల కింద రెండు తెల్ల అర్ధచంద్రాలు తేలి, ఫొటోలో అవే ముందు కనపడతాయి.

రాత్రి

ఇంటికి ఎంత రాత్రి వచ్చినా మేకప్ తీసే పడుకో. 2018లో ఆస్ట్రేలియాలో ఒక యాభై ఏళ్ల మహిళ కళ్లలో ఏదో గుచ్చుకుంటోందని డాక్టర్ దగ్గరికి వెళితే, పై రెప్పల లోపల నల్లటి గట్టి ఉండలు బయటపడ్డాయి. పాతికేళ్లుగా సరిగ్గా తీయకుండా వదిలేసిన మస్కారా అది. అది అరుదైన సంగతే అయినా, ఒక్క రాత్రి వదిలేసినా మర్నాడు కళ్లు పుసులు కట్టి మండడం మాత్రం అందరికీ తెలిసిందే.

రిమూవర్ కొంటే మంచిదే, లేకపోతే కొబ్బరినూనె పని చేస్తుంది. దూదిని నూనెలో తడిపి పిండి, మూసిన కంటి మీద ఇరవై దాకా లెక్కపెడుతూ ఆనించి ఉంచు. రంగు కరుగుతుంది. తర్వాత కిందకి ఒక్కసారి తుడువు, అడ్డంగా రుద్దకు. ఒక్కో కంటికి ఒక్కో దూది ముక్క. మొటిమలు వచ్చే చర్మమైతే నూనె అలా వదిలేయకుండా ఫేస్‌వాష్‌తో కడిగెయ్. బ్రష్‌లను వారానికోసారి షాంపూ నీళ్లతో కడిగి పడుకోబెట్టి ఆరబెట్టు. నిలబెడితే నీళ్లు పిడిలోకి దిగి వెంట్రుకలు ఊడిపోతాయి.

ఇక అమ్మలకు రెండు మాటలు. ఫంక్షన్‌కి పార్లర్ మాట్లాడేటప్పుడు పెళ్లికూతురి ప్యాకేజీ మాట్లాడకండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, రెప్పలు అతికించొద్దు, లోపల కాజల్ వద్దు, మీ బ్రష్‌లు కడిగి తెండి అని ముందే చెప్పండి. వారం ముందు ఒకసారి వేయించి, రెండు గంటలు ఉంచి, దురద గానీ ఎరుపు గానీ వస్తుందేమో చూడండి. కొత్త మేకప్‌ను ఫంక్షన్ రోజే మొదటిసారి పరీక్షించడం అన్యాయం. ‘ఇప్పటినుంచే ఈ సోకులేంటి’ అన్న మాట కూడా అనకండి. అంటే మానరు, కాలేజీ బాత్రూంలో ఎవరి కాజల్‌తోనో పెట్టుకుంటారు.

నీకు చివరగా చెప్పేది. కన్ను ఎర్రబడినా, రెప్ప వాచినా, నీరు కారుతున్నా ఆ రోజు మేకప్ లేదు, ఫంక్షన్ నీదే అయినా లేదు. అప్పటిదాకా వాడుతున్న మస్కారా, లైనర్ చెత్తబుట్టలో వెయ్యి, ఎంత ఖరీదైనవైనా దాచుకోకు. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి వేసుకోకుండా కంటి డాక్టర్‌కి చూపించుకో. పూర్తిగా తగ్గాక కొత్త గొట్టం తెరిచి, దానిమీద తేదీ రాసుకుని మళ్లీ మొదలుపెట్టు.